గేటు దగ్గర మొహం తెలియాలి

రాజమండ్రి

అమ్మలూ,

నువ్వు ఫోన్లో పంపిన కెమెరా బొమ్మలు చూశాను. చుట్టూ తిరిగేది, ముప్పై రెట్లు జూమ్ అని రాసి ఉన్నది కొనమంటావా అని అడిగావు. వద్దమ్మా. కెమెరా మంచిదే కావచ్చు, కానీ దాన్ని తిప్పుతూ కూర్చునే మనిషి కావాలి. అది కాలువ గట్టు వైపు చూస్తున్నంతసేపూ గేటు కనపడదు. గేటు వైపు తిప్పితే దొడ్డి కనపడదు. నువ్వు పుణేలో ఆఫీసులో ఉంటావు, మీ నాన్న మధ్యాహ్నం భోంచేసి నడుం వాలుస్తాడు. ఇంక తిప్పేదెవరు?

ఎక్కడ నిలబడ్డ మనిషిని గుర్తుపట్టాలో ముందు అది తేల్చుకో. జూమ్ సంగతి ఆ తర్వాత. అంబాజీపేట దగ్గర మన ఇంటికి కొత్తవాడు వస్తే గేటు దగ్గరే ఆగుతాడు. కొబ్బరికాయల బేరానికి వచ్చినవాడైనా, కరెంటు బిల్లు తీసేవాడైనా, మంచినీళ్ళ వంకతో ఇంట్లో ఎవరున్నారో చూసిపోయేవాడైనా అంతే. కనక తెలియాల్సింది గేటు దగ్గరి మొహం. మొన్న ఊరు వెళ్ళినప్పుడు టేపు పెట్టి కొలిచాను. వరండా స్తంభం నుంచి గేటుకి 13 మీటర్లు, గేటు వెడల్పు 12 అడుగులు.

దుకాణంలో మామూలుగా చేతికిచ్చేది 2.8 మిల్లీమీటర్ల స్థిర లెన్సు. వంద డిగ్రీలు చూపిస్తుంది గనక ఇల్లూ వాకిలీ అంతా వచ్చేసిందని కొన్నవాళ్ళు సంబరపడతారు. నువ్వు మాత్రం లెక్క వేసి చూడు. దూరాన్ని సెన్సారు వెడల్పుతో గుణించి లెన్సు మిల్లీమీటర్లతో భాగిస్తే, అంత దూరంలో ఎంత మేర ఫ్రేములో పడుతుందో వస్తుంది. ఇళ్ళ కెమెరాల్లో ఎక్కువగా ఉండే 1/2.8 అంగుళాల సెన్సారు వెడల్పు సుమారు 5.4 మిల్లీమీటర్లు. అంటే మన గేటు దూరంలో 2.8 లెన్సు 25 మీటర్ల మేర పట్టుకుంటుంది. రెండు మెగాపిక్సెల్ కెమెరాకి అడ్డంగా ఉండేది 1920 పిక్సెళ్ళు. 25 మీటర్లకీ పంచితే మీటరుకి 77. మనిషి మొహం 16 సెంటీమీటర్లనుకో, దాని వాటాకి వచ్చేవి పన్నెండు. పన్నెండు పిక్సెళ్ళలో కన్నెక్కడ, ముక్కెక్కడ?

ఈ పనికి ఐఈసీ 62676-4 అని అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది. ఎవరో మనిషి వచ్చాడని తెలియడానికి మీటరుకి 25 పిక్సెళ్ళు చాలని దాని 2014 కూర్పు చెప్పింది. తెలిసినవాణ్ణి పోల్చుకోవడానికి 125 కావాలంది. ముక్కూమొహం తెలియని వాణ్ణి ఇతనే అని చెప్పాలంటే 250. ఆ 250 అందాలంటే 2.8 లెన్సుకి మనిషి నాలుగు మీటర్ల లోపలే ఉండాలి, 4 మిల్లీమీటర్ల లెన్సుకి సుమారు 5.7 మీటర్ల లోపల. మన 13 మీటర్లకి 10 మిల్లీమీటర్ల లెన్సు పెడితే ఫ్రేములో ఏడు మీటర్ల మేర మిగులుతుంది, మీటరుకి 270 పైచిలుకు పడతాయి. గేటూ, చెరో పక్క రెండు గజాలకి కాస్త తక్కువ ప్రహరీ, అంతే. అదే కావాలి మనకి.

కాబట్టి 2.8 నుంచి 12 మిల్లీమీటర్ల దాకా మార్చుకోగల వేరిఫోకల్ లెన్సు ఉన్న, గొట్టంలా ఉండే బుల్లెట్ కెమెరా ఒకటి తీసుకో. వాకిలంతా కనపడటానికి దానికి తోడు చవకలో 2.8 స్థిర కెమెరా ఒకటి వరండా చూరు కింద పెట్టించు. మనిషి ఎటు నుంచి ఎటు వెళ్ళాడో చిన్నది చెబుతుంది, ఎవరో పెద్దది చెబుతుంది. ఒక్కటే కెమెరాతో రెండు పనులూ చేయించాలనుకుంటే రెండూ చెడతాయి. డిజిటల్ జూమ్ మాటలకి మాత్రం లొంగకు. అది ఉన్న పిక్సెళ్ళనే సాగదీస్తుంది. నీళ్ళ మజ్జిగ ఎంత చిలికినా వెన్న పడదు. పెట్టె మీద ఆప్టికల్ అని ఉందా, మిల్లీమీటర్లు ఎంత నుంచి ఎంత దాకా రాశారు, అవి చూడు.

స్క్రూలతో తిప్పే వేరిఫోకల్ చవక. కానీ దాంట్లో జూమ్ కదిపిన ప్రతిసారీ ఫోకస్ మళ్ళీ సరిచెయ్యాలి, అంటే నిచ్చెన వెయ్యాలి. మీ నాన్న ఎక్కుతానంటాడు. ఆ వయసులో వాణ్ణి నిచ్చెన ఎక్కనివ్వకు. కాస్త ఎక్కువైనా మోటారుది కొను. ఫోన్లోంచే సరిచేసుకోవచ్చు.

పొడుగు లెన్సుతో ఇంకో లాభం ఉంది. ఫొటో స్టూడియో నడిపిన రోజుల్లో పెళ్ళికూతురి మొహం తీయాలంటే నేను వెనక్కి జరిగి పొడుగు లెన్సు పెట్టేవాణ్ణి. దగ్గర నుంచి వెడల్పు లెన్సుతో తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కిపోతాయి. ఇక్కడా అంతే. గేటు స్తంభం మీదే కెమెరా పెడితే తలపాగా, నడినెత్తీ తప్ప మొహం కనపడదు. వరండా నుంచి పది అడుగుల ఎత్తులో పెడితే మొహం ఇంచుమించు ఎదురుగా కనిపిస్తుంది. పైగా ఫ్రేము ఇరుకవుతుంది గనక కొబ్బరి మట్టలు ఊగినప్పుడల్లా నీ ఫోనుకి అలారం రాదు. గాలి తెరిపివ్వని మన కోనసీమలో ఇది చిన్న సుఖం కాదు.

ఇక రాత్రి సంగతి. దొంగ వచ్చేది రాత్రే కనక ఇది జాగ్రత్తగా చదువు. జూమ్ పెంచేకొద్దీ చాలా లెన్సుల్లో లోపలికొచ్చే వెలుతురు తగ్గుతుంది. 2.8 దగ్గర ఎఫ్1.6 ఉన్నది 12 దగ్గర అంతకంటే బాగా మూసుకుపోవచ్చు. రెండు చివర్ల అంకెలూ అడుగు, చిన్న అంకె ఉన్నది తీసుకో. చీకట్లో కెమెరా వాడే, కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు ఫోకస్ అయ్యే చోటు పగటి వెలుగు కంటే కొంచెం వేరు. ఆ తేడా దిద్దిన లెన్సు కాకపోతే పగలు స్పష్టంగా ఉన్న గేటు రాత్రి మసకబారుతుంది. ఇన్‌ఫ్రారెడ్‌లో రంగులు కూడా ఉండవు, కొన్ని నల్లబట్టలు తెల్లగా కనిపిస్తాయి. అందుకని గేటు స్తంభానికి మామూలు ఎల్‌ఈడీ బల్బు ఒకటి, రాత్రంతా వెలిగేలా పెట్టించు. కెమెరా మీద మరో నాలుగు వేలు పెట్టడం కంటే ఆ బల్బు మేలు. మన గేటు తూర్పు వైపు గనక పొద్దున్నే వచ్చినవాడి వెనక ఎండ ఉండి మొహం నల్లబడుతుంది, వెనక వెలుగున్నా మొహం చూపించే డబ్ల్యూడీఆర్ ఉన్నదే అడుగు.

రాత్రిపూట బల్బు వెలుగుకి పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీళ్ళు గూళ్ళు కడతాయి. మీ అమ్మ వారానికోసారి బూజుకర్రతో దులిపితే చాలు. సంక్రాంతి నెలలో తెల్లవారుజామున మంచు దిగితే ఇన్‌ఫ్రారెడ్ వెలుగు దాని మీద పడి తిరిగొచ్చి తెరంతా తెల్లగా అవుతుంది. అది కెమెరా పాడవడం కాదు, కంగారుపడి ఇంటికి ఫోను చెయ్యకు. గుండ్రటి డోము కెమెరా కూడా వద్దు, మన తేమకి లోపల ఆవిరి పడితే ఏమీ కనపడదు. నీళ్ళూ దుమ్మూ చొరబడని ఐపీ67 ఉన్న బుల్లెట్ తీసుకో.

కొనేటప్పుడు ఎస్‌టీక్యూసీ పరీక్ష అయిందా అని అడుగు. సీసీ కెమెరాలకి కేంద్రం పెట్టిన ఆ భద్రతా నిబంధన 2025 ఏప్రిల్ 9 నుంచి అమల్లో ఉంది. బిగించినవాడు పెట్టిన పాస్‌వర్డు ఆ రోజే మార్చెయ్.

మీ అమ్మానాన్నా నీ దగ్గరికి వచ్చి ఇంటికి తాళం పడినప్పుడు పని వేరు. ఆంధ్రా పోలీసులకి ఎల్‌హెచ్‌ఎంఎస్ అని తాళం వేసిన ఇళ్ళ మీద నిఘా పద్ధతి ఉంది. యాప్‌లో అడిగితే వాళ్ళే వచ్చి ఇంట్లో కెమెరా పెడతారు, లోపల ఏది కదిలినా కంట్రోల్ రూముకి తెలుస్తుంది. దానికి జూమ్ అక్కర్లేదు, కదలిక తెలిస్తే చాలు. మన స్టేషన్లో ఎలా ఇస్తున్నారో మీ నాన్నని ముందే వెళ్ళి కనుక్కోమను.

ఒక్కటి గట్టిగా చెబుతున్నాను. పొడుగు లెన్సు గేటు దగ్గర ఆగదు, రోడ్డు దాటి ఎదురింటి అరుగు దాకా చూస్తుంది. సాయంత్రం ఆ అరుగు మీద ఆడవాళ్ళు కూర్చుంటారు. ప్రైవసీ మాస్క్ పెట్టి ఆ భాగం నల్లగా చేయించు, చేయించాక వాళ్ళని పిలిచి ఫోన్లో చూపించమని మీ అమ్మకి చెప్పు. అలాగే ఏ కెమెరానీ ఇంటి లోపలికి తిప్పకు. మీ అమ్మ ఎప్పుడు లేచింది, ఏం తింటోంది అన్నది నువ్వు ఆవిణ్ణే అడిగి తెలుసుకోవాలి.

బిగించే మనిషి పగలే సరిచేసి వెళ్ళిపోతానంటాడు. వెళ్ళనివ్వకు. చీకటి పడ్డాక మీ నాన్నని గేటు దగ్గర నిలబెట్టి, 10 మిల్లీమీటర్ల దగ్గర ఫోకస్ చేయించి, గేటు నుంచి వరండా దాకా నడిపించు. ఆ వీడియో నాకు పంపు. నడకలో మొహం చెదురుతోందో లేదో చూసి చెబుతాను, ఆ తర్వాతే డబ్బులివ్వు.

మీ పెదనాన్న