హక్కు, కబ్జా, బేదఖలు: విశాఖలో నివాస భద్రత

తెలుగువారి భూమి కాగితాలు విప్పి చూచినచో వాటిలో ఎన్నో మాటలు అరబ్బీ, పారసీ భాషల నుండి వచ్చినవే. రైతు, తహసీలు, దస్తావేజు, కిరాయి, హక్కు: ఇవి మన కళాశాలలోని ఉర్దూ విద్యార్థులకు ఇంటిమాటలు, తెలుగు విద్యార్థులకు కచేరీమాటలు. 1966లో ఈ నగరవీథులలో మారుమ్రోగిన ‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’ అన్న నినాదానికి ప్రాణమైన పదమూ అరబ్బీదే. ఆ హక్కు ఫలించి కర్మాగారం వచ్చింది. దానికి చోటిచ్చిన ఊళ్ళవారి నివాసహక్కు ఏమైనదన్న ప్రశ్న మాత్రం నినాదంలో ఇమడలేదు. ఆ ప్రశ్ననే మేము ఇక్కడ మూడు మాటల ఆధారంగా పరిశీలింపదలచినాము.

మొదటిది హక్కు. 1948 నాటి విశ్వమానవ హక్కుల ప్రకటనలోని 25వ అధికరణం తిండి, బట్టలతోపాటు ఇంటిని కూడా పేర్కొన్నది. 1966 నాటి ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల ఒడంబడికలోని 11వ అధికరణం దానిని రాజ్యాల బాధ్యతగా చేసినది. భారతదేశం 1979లో ఆ ఒడంబడికలో చేరింది. దాని అమలును పరిశీలించే సంఘం 1991లో ‘తగిన ఇల్లు’ అనగా ఏమో వివరిస్తూ ఏడు లక్షణాలు చెప్పింది. వాటిలో ముందు నిలిచినది నివాస భద్రత. సొంత ఇల్లైనా, అద్దె ఇల్లైనా, పోరంబోకు మీది గుడిసె అయినా అందులోని మనిషిని బలవంతంగా వెళ్ళగొట్టకుండా, బెదిరింపకుండా చట్టం అడ్డు నిలువవలెనని దాని తాత్పర్యం. యాజమాన్యం వేరు, భద్రత వేరు అన్న ఈ భేదాన్ని విద్యార్థులు గట్టిగా పట్టుకొనవలెను.

రెండవది కబ్జా. ఉర్దూలో ఈ మాటకు స్వాధీనమని అర్థం. అందులో నింద లేదు. తెలుగు పత్రికలలో అది ఆక్రమణకు, దౌర్జన్యానికి పర్యాయపదమై కూర్చున్నది. కొండవాలున ముప్పది ఏండ్లుగా కాపురమున్న కూలీని, రాత్రికి రాత్రి కంచె వేసిన ఘనుణ్ణి ఒకే మాటతో పిలుస్తున్నాము. న్యాయశాస్త్రం ఇంత తొందరపడలేదు. 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షను ప్రకారం, చట్టప్రకారం కాక వెళ్ళగొట్టబడినవాడు యాజమాన్యం రుజువు చేయకయే ఆరు నెలలలోగా దావా వేసి స్వాధీనాన్ని తిరిగి పొందవచ్చును. అయితే ప్రభుత్వంపై ఇట్టి దావాను అదే సెక్షను నిషేధించింది. పేదల గుడిసెలు ఎక్కువగా ప్రభుత్వ భూములలోనే లేచునన్నది గుర్తుంచుకొన్నచో ఈ మినహాయింపు బరువు తెలియును.

ఇక ఉక్కు కర్మాగారం సంగతి. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. దానికై సేకరించిన భూమి 20,000 ఎకరాలకు పైబడినది. నిర్వాసిత కుటుంబాలు 16,000కు పైమాటే. ఆనాడు అమలులో ఉన్న 1894 నాటి భూసేకరణ చట్టానికి కనబడేది భూమి, దాని ధర, దానిపై హక్కుదారు. ఆ భూమిపై కూలితో బ్రతికినవాడు, మరొకరి దొడ్డిలో పాక వేసుకొన్నవాడు దాని దృష్టికి రారు. పునరావాసమన్న ఊసే అందులో లేదు. ఆ లోటును పూడ్చవచ్చినదే ఈ ప్రాంతంలో ఎల్లరికీ తెలిసిన ‘ఆర్ కార్డు’. గాజువాక ప్రాంతపు పునరావాస కాలనీలవారు కర్మాగారంలో ఉద్యోగానికి దానినే నమ్ముకొన్నారు. కొన్ని వేలమందికి ఉద్యోగం దక్కింది. కొన్ని వేలమందికి ఎదురుచూపులోనే వయసు మీరింది. కార్డు మీద ఉన్నది ఆనాటి కుటుంబం. పిల్లలు పెరిగినారు, కార్డు పెరగలేదు. దానిని మేము తక్కువ చేయడం లేదు. పేరులేని మనిషికి అది కచేరీలో ఒక పేరు ఇచ్చింది. కాని వాగ్దానం వేరు, దఖలు వేరు. (ఉక్కునగరం క్వార్టర్లలో గట్టి కప్పు ఉన్నది, మంచి నీరున్నది, ఉద్యోగంతో ముడిపడిన ఆ నివాసానికి పదవీవిరమణే గడువు.) 2014 జనవరి 1న అమలులోకి వచ్చిన 2013 నాటి భూసేకరణ చట్టం మూడేండ్లుగా అక్కడి జీవనోపాధిపై ఆధారపడిన కూలీలను, కౌలుదారులను బాధిత కుటుంబాలలో చేర్చింది; వయసు వచ్చిన ప్రతి స్త్రీని, పురుషుణ్ణి వేరు కుటుంబంగా లెక్కించింది. గాజువాకవారికి ఇది నలుబది ఏండ్లు ఆలస్యమైన సవరణ.

మూడవది బేదఖలు, అనగా స్వాధీనం తప్పించడం. 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు గుడిసెలను తొలగింపరాదని తీర్పు చెప్పినదని పలువురు విద్యార్థులు వ్రాస్తున్నారు. అది సరికాదు. జీవనోపాధి 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పుతూనే, న్యాయమైన పద్ధతిలో తొలగింపునకు కోర్టు అనుమతించింది. 1976 గణనలో గుర్తింపు పొందినవారికి ప్రత్యామ్నాయ స్థలాలు చూపమన్నది. అక్కడ కూడా రక్షించినది కార్డే.

కనుక తొలగింపు నోటీసు వచ్చినప్పుడు అది ఏ చట్టం క్రిందిదో ముందు చదువవలెను. రాష్ట్ర ప్రభుత్వ భూమి అయినచో 1905 నాటి భూ ఆక్రమణల చట్టం. 7వ సెక్షను క్రింద ముందుగా సంజాయిషీ అడుగవలెను. కేంద్ర ప్రభుత్వ ఆవరణ అయినచో 1971 నాటి చట్టం. అక్కడ ఎస్టేటు అధికారి నోటీసు ఇచ్చి, జవాబు విన్న పిమ్మటనే ఉత్తరువు వ్రాయవలెను. రేషను కార్డు, కరెంటు బిల్లు, పన్ను రసీదు యాజమాన్యాన్ని రుజువు చేయవు, కాని ఎన్నేండ్ల కాపురమో చెప్పగలవు. జవాబుతోపాటు వాటి నకళ్ళు జతపరచవలెను. ఉత్తరువును తలుపుకు అంటించిన పిమ్మట జిల్లా జడ్జికి అప్పీలు చేసుకొనుటకు ఉన్న గడువు 12 రోజులు.