పాత సినిమాల్లో పంచెకట్టు: ఒక మాటల పాఠం



అమ్మకో నాన్నకో బదిలీ ఉత్తర్వు రాగానే మన ఇళ్ళలో పెట్టెలు దిగుతాయి. మేమూ మీలాగే ఎన్నో ఊళ్ళు మారినవాళ్ళమే. ప్రతిచోటా బట్టలు సర్దాం, విప్పాం, మళ్ళీ సర్దాం. కట్టుకోవడం మానేసిన బట్టతోపాటు దాని మాటలు కూడా జారిపోతాయని మాత్రం మాకు ఆలస్యంగా తెలిసింది.

ఉత్తరాదిలో పనిచేస్తున్నప్పటి సంగతి. ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతినాడు, తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. పద్యం చదవవలసిన ఏడో తరగతి అబ్బాయి పంచె కట్టుకుని వచ్చాడు. వేదిక ఎక్కకముందే, వరండాలో అది జారింది. తోటి పిల్లలు నవ్వారు. "సార్, నేను ప్యాంటుతోనే చదువుతాను" అన్నాడు, కళ్ళలో నీళ్ళతో. మేమే కట్టి పంపుదామని పంచె చేతిలోకి తీసుకున్నాం. తీరా చూస్తే మాకూ కట్టడం రాదు! పెళ్ళినాడు కూడా మావయ్యగారు కడితే నిలబడ్డవాళ్ళం.

ఊళ్ళో ఉన్న నాన్నగారికి ఫోను చేశాం. "ముడి ఒక్కటే ఆపదురా. కుచ్చిళ్ళు బిగువుగా పెట్టి, వాణ్ణి పొట్ట లోపలికి పీల్చమని, బొడ్లో దోపు" అన్నారు. అలాగే కట్టాం. అబ్బాయి పద్యం తప్పు లేకుండా చదివాడు. ఎడమచెయ్యి మాత్రం చివరిదాకా నడుం మీదే ఉంది.

ఆ సాయంత్రం నుంచి పాత సినిమాలను కథ కోసమే కాక, కట్టు కోసం కూడా చూడడం మొదలుపెట్టాం.

కట్టు, దాని మాటలు

పంచె కుట్టని బట్ట. దానికి కత్తెర, సూది, బొత్తాం అక్కర్లేదు. పెద్దవాళ్ళు కట్టే పంచె సుమారు నాలుగు గజాలుంటుంది. బట్ట నడిమి భాగాన్ని నడుం వెనక ఉంచి, రెండు వైపులా ముందుకు తెచ్చి బిగిస్తారు. ఒక కొసను మడతలు పెట్టి, కాళ్ళ మధ్యనుంచి వెనక్కి తీసి దోపితే అది గోచి. రెండో కొసను మడతలు పెట్టి ముందు దోపితే అవి కుచ్చిళ్ళు. గోచి లేకుండా చుట్టుకుంటే అడ్డపంచె. భుజం మీద వేసుకునేది ఉత్తరీయం లేదా కండువా. నడుం దగ్గరి బట్ట మడత రొంటి. జేబులు లేని రోజుల్లో చిల్లర డబ్బులు రొంటిన దోపుకునేవారు.

తెర మీద చూద్దాం

1980లో వచ్చిన 'శంకరాభరణం'లో శంకరశాస్త్రిగా జె.వి. సోమయాజులుగారిని గమనించండి. పంచె, భుజాన ఉత్తరీయం, అంతే. కోటు, టై లేకుండానే ఆ మనిషి ఎంత గంభీరంగా కనిపిస్తాడో చూడండి. పాటకు ఆదరణ తగ్గి ఇబ్బందులు వచ్చినా ఆయన కట్టు మారదు.

1962 నాటి 'గుండమ్మ కథ'లో ఎన్.టి. రామారావుగారిది దీనికి పూర్తిగా వేరైన వేషం. కలవారి ఇంటి కొడుకు, అంజి అనే పేరుతో పనివాడుగా చేరతాడు. అంత పెద్ద కథానాయకుడు లాగు వేసుకుని తెర మీదికి వస్తాడు. ఆ లాగు చూసే గుండమ్మ అతణ్ణి పనివాడని నమ్మేస్తుంది. బట్టను చూసి మనిషిని కొలిచే అలవాటు ఆమె ఒక్కదానిదే కాదు. వరండాలో నవ్విన పిల్లలదీ అదే. ప్యాంటులోనే గౌరవం ఉందనుకుని ఇన్నేళ్ళూ పంచె నేర్చుకోని మాదీ అదే.

1955 నాటి హిందీ చిత్రం 'శ్రీ 420'లో రాజ్ కపూర్ వేషానికి మూలం చార్లీ చాప్లిన్. బిగుతు కోటు, వదులు ప్యాంటు, చిన్న టోపీ, పెద్ద బూట్లతో చాప్లిన్ దేశదిమ్మరి 1914లోనే తెరకెక్కాడు. ఆ వేషాన్ని రాజ్ కపూర్ మన దేశానికి తగ్గట్టు మార్చుకున్నాడు. అదే సినిమాలో ఒక ప్రసిద్ధ గీతం పల్లవి తెలుగు మాటలతో మొదలవుతుంది. మీ హిందీ స్నేహితులను ఆ మాటలకు అర్థం అడిగి చూడండి. చెప్పవలసింది మీరే అవుతారు.

మాటలకూ బదిలీలే

బొత్తాం, ఇస్త్రీ అనే మాటలు పోర్చుగీసు నుంచి వచ్చాయి. జేబు అరబ్బీ మాట. పైజామా అంటే పారసీలో కాలి తొడుగు. ఖాకీ అంటే మట్టిరంగు; పారసీలో ఖాక్ అంటే మట్టి, దుమ్ము. ఇవన్నీ ఎక్కడినుంచో వచ్చి మన తెలుగులో స్థిరపడ్డాయి.

దుస్తులనుంచి పుట్టిన జాతీయాలూ ఉన్నాయి. పనికి సిద్ధపడితే నడుం బిగించడం. మోసం చేస్తే టోపీ పెట్టడం. అతిగా ఆవేశపడితే చొక్కా చించుకోవడం. నాయకుడు పార్టీలో చేరితే కండువా కప్పుకోవడం. కండువాను ఎప్పుడూ చూడని పిల్లలకు ఈ చివరి మాట పత్రికలో కనబడితే అర్థమవుతుందా? ఆలోచించండి.

పంచె రోజూ కట్టుకోమని మేము చెప్పడం లేదు. మేమూ బడికి ప్యాంటు, చొక్కాతోనే వస్తున్నాం. కానీ నాన్నగారికి ఫోను చేస్తే చెప్పేవారు ఉన్నారు కాబట్టి ఆ రోజు గట్టెక్కాం. మీ తాతగారు ఉన్నప్పుడే అడిగి నేర్చుకోండి. పెట్టెలో నాలుగు గజాల బట్ట పెద్ద బరువేమీ కాదు.

అభ్యాసం

1. ఇంట్లో పెద్దలతో కలిసి ఒక పాత తెలుగు సినిమా చూడండి. అందులో మగవారి దుస్తుల పేర్లు పది తెలుగులో రాయండి.

2. పంచె కట్టడం నేర్చుకోండి. ఎక్కడ తడబడ్డారో ఐదు వాక్యాలలో రాయండి.

3. పై జాతీయాలను సొంత వాక్యాలలో వాడండి. మీరిప్పుడున్న ఊరి భాషలో అలాంటివి ఏమున్నాయో స్నేహితులను అడిగి తెలుసుకోండి.