ఐదో రాత్రి బుడగ: కపిలుడు చెప్పిన గర్భం, ల్యాబ్‌లో కనిపించే గర్భం

పోయిన వీడియోలో కపిలుడు తల్లి దేవహూతికి గర్భంలో శిశువు పెరిగే తీరు చెప్పే ఘట్టం చూశాం కదా. భాగవతం తృతీయ స్కంధం, మన పోతన గారి తెలుగులోనూ ఉంది. టైమ్ సరిపోక వదిలేసిన భాగం ఇక్కడ రాస్తున్నాను.

నేను డాక్టర్‌ని కాదు, రాయదుర్గంలో కోడ్ రాసుకునేవాడిని. ఇదంతా చదవడానికి కారణం మా ఇంట్లోనే ఉంది. పోయిన ఏడాది మాకు ఏడో వారంలో గర్భం పోయింది. నా భార్య నెలల తరబడి ఒకటే అడిగేది: "కొండాపూర్ నుంచి రోజూ బండి మీద వెళ్లినందుకేనా?" చుట్టపుచూపుగా వచ్చిన ఒక పెద్దావిడ "పూర్వజన్మ కర్మ, తల్లీ" అనేసి వెళ్లింది.

సరే, అసలు జరిగేది ఏంటి? విడుదలైన అండం బతికేది 12 నుంచి 24 గంటలే. శుక్రకణం 5 రోజుల దాకా ఉండగలదు. రెండూ కలిసేది గర్భాశయంలో కాదు, ఫెలోపియన్ ట్యూబులో. తల్లి నుంచి 23 క్రోమోజోములు, తండ్రి నుంచి 23. ఆడా మగా అన్నది కూడా అప్పుడే, తండ్రి కణం తెచ్చిన ఎక్స్ లేదా వై క్రోమోజోముతో తేలిపోతుంది. ఆడపిల్ల పుట్టిందని కోడల్ని సాధించే వాళ్లెవరైనా తెలిస్తే ఈ ఒక్క ముక్క ఫార్వర్డ్ చేయండి.

ఆ ఒక్క కణం రెండవుతుంది, నాలుగవుతుంది, మూడో రోజుకి ఎనిమిది దాకా వస్తుంది. ఐదో రోజుకి లోపల నీరు నిండిన బంతిలా మారుతుంది. దీన్నే బ్లాస్టోసిస్ట్ అంటారు. ఆరో రోజు ప్రాంతంలో గర్భాశయం గోడకి అంటుకోవడం మొదలుపెడుతుంది. ఇప్పుడు కపిలుడి మాట చూడండి: ఒక రాత్రికి కలలం, ఐదు రాత్రులకు బుద్బుదం, అంటే నీటి బుడగ.

ఒళ్లు జలదరించింది, ఒప్పుకుంటాను. కానీ "సైన్స్ కంటే ముందే!" అని థంబ్‌నెయిల్ మాత్రం పెట్టను. గర్భోపనిషత్తు అదే బుడగని ఏడు రాత్రులకు చెప్తుంది. భాగవతంలో పదో రోజుకి రేగుపండు పోలిక వస్తుంది, నిజానికి అప్పటికి పిండం ఆవగింజ కన్నా చిన్నది. క్షీరదాల అండాన్ని కార్ల్ ఎర్నెస్ట్ వాన్ బేర్ మైక్రోస్కోపులో గుర్తించింది 1827లో. కపిలుడు తల్లికి చెప్తున్నది వైరాగ్యం, ఎంబ్రియాలజీ క్లాస్ కాదు.

మా ఆవిడ ప్రశ్నకి జవాబు నాకు క్రోమోజోముల దగ్గర దొరికింది. తొలి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం క్రోమోజోముల లెక్క తప్పడం వల్లే. 46 ఉండాల్సిన చోట 45 లేదా 47. ఆ తప్పు ఎక్కువగా అండం తయారయ్యేటప్పుడే జరుగుతుంది, టెస్టులో రెండు గీతలు కనపడకముందే. మా విషయంలో కారణం ఇదేనా అని టెస్ట్ చేయించలేదు. కానీ బండి కుదుపులకి క్రోమోజోములు మారవు.

ఇంకొక్కటి. మెదడు, వెన్నుపాముగా మారే గొట్టం ఫలదీకరణ జరిగిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. పీరియడ్ మిస్ అయిందని గమనించేసరికి అందులో సగం రోజులు అయిపోయి ఉంటాయి. అందుకే రోజుకి 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ గర్భం రాకముందు నుంచే మొదలుపెట్టమంటారు. మీ డోసు మీ డాక్టర్‌నే అడగండి.

మా ఫ్రిజ్ మీద ఇప్పుడు ఆ స్ట్రిప్ ఉంది. వచ్చే వీడియోలో ఏడో నెలలో గర్భంలోని జీవుడు చేసే ప్రార్థన. ఈసారి చదివేది మా ఆవిడ.