ఇరువదియైదు ఓట్లు

బాలలారా! విజయవాడలో బందరు రోడ్డును చెన్నై - కోల్‌కతా రహదారి కలియు కూడలికి బెంజ్ సర్కిల్ అని పేరు. ఎన్నికల వేళ అభ్యర్థుల ప్రచార ఘోషతో నగరమంతయు మారుమ్రోగును.

శాసనసభకుగాని లోక్‌సభకుగాని పోటీచేయువారికి 25 ఏండ్లు నిండియుండవలెను. శాసనసభాభ్యర్థి సాధారణముగా 10,000 రూపాయలు ధరావతు చెల్లింపవలెను. చెల్లిన ఓట్లలో ఆరవవంతుకు మించి రానిచో, ఓడిన అభ్యర్థికి ఆ ధనము తిరిగి రాదు.

2019లో విజయవాడ సెంట్రల్ నియోజకవర్గమున శ్రీ మల్లాది విష్ణు శ్రీ బొండా ఉమామహేశ్వరరావుపై 25 ఓట్ల ఆధిక్యముతో గెలిచిరి. గెలిచినవారి పక్షమున నిలిచిన పదుమువ్వురు ఎదుటివారికి ఓటు వేసియున్నచో ఫలితమే తారుమారయ్యెడిది! 2024లో అచటనే ఉమామహేశ్వరరావు విజయము నొందిరి.

“నా యొక్క ఓటుతో నేమగును?” అని ఇంట కూర్చుండువారికి ఈ లెక్కయే సమాధానము. మీకు 18 ఏండ్లు నిండిననాడు దీనిని మరువకుడు.