అవ్వ కాపాడిన నిప్పు

పాఠ్యభాగము: 2 తిమోతి 1:3-7, 3:14, 15, 1 తిమోతి 5:4

ముఖ్యాంశము: విశ్వాసములో మనలను పెంచిన పెద్దలను జ్ఞాపకము చేసికొనుట మంచిదే గాని అంతటితో చాలదు, వారు బ్రతికి యుండగా వారి ఋణము తీర్చుటయు దైవభక్తియే.

క్రొత్త నిబంధనలో అవ్వ యను పిలుపుతో, సొంత పేరుతో జ్ఞాపకము చేయబడిన స్త్రీ ఒక్కతెయే గలదు. ఆమె లోయి. గ్రీకు మూలములో ఆ స్థలమున వాడబడిన మాట క్రొత్త నిబంధన అంతటిలో మరెక్కడను కనబడదు. అది పండితుల మాట కాదు, పసిపిల్లల నోట పుట్టిన ఇంటి మాట. చెరసాలలో సంకెళ్లతో నున్న వృద్ధ అపొస్తలుడు తన కడవరి పత్రికను ప్రారంభించుచు, సంఘముల లెక్కలను గాని తన శ్రమల పట్టికను గాని ముందుగా వ్రాయలేదు. తిమోతి కన్నీళ్లను తలంచుకొనెను, అతని అవ్వను తలంచుకొనెను. ఈ పాఠమును ధ్యానించునప్పుడెల్ల నాకు మా అవ్వ జ్ఞాపకము వచ్చును. కనుక ఆ ఇద్దరిని కలిపి ఇక్కడ తలంచుకొందుము.

1. వాక్యము ఇంటిలో నాటబడెను

తిమోతి లుస్త్ర ప్రాంతపువాడు. తల్లి విశ్వసించిన యూదురాలు, తండ్రి గ్రీసు దేశస్థుడు (అపొ. కా. 16:1). లుస్త్ర ప్రజలు తమ లుకయొనియ భాషలో కేకలు వేసి, పౌలు బర్నబాలను దేవతలని భ్రమించి, ఎడ్లను బలి ఇయ్యబోయిరి, పిమ్మట అదే పట్టణమున పౌలును రాళ్లతో కొట్టిరి (అపొ. కా. 14:8-19). అక్కడ సమాజమందిరమున్నట్లు అపొస్తలుల కార్యములలో చెప్పబడలేదు. లేఖనములా, చేతితో వ్రాయబడిన గ్రంథపు చుట్టలు. సామాన్యులకు అందుబాటులో ఉండునవి కావు. అయినను తిమోతి బాల్యమునుండి పరిశుద్ధ లేఖనముల నెరిగినవాడని పౌలు వ్రాయుచున్నాడు. ఆ బాలుడు వాటిని ఇంటనే నేర్చుకొని యుండవలెను.

మా అవ్వకు చదువు రాదు. ఒంగోలు ప్రాంతములోని మా పల్లెలో ఆమె తరపు ఆడపిల్లలను బడికి పంపినవారు అరుదు. సాయంకాలము దీపము వెలిగించిన తరువాత నన్ను పిలిచి, బైబిలు తెరచి చదువుమనెడిది. నేను ఒక వచనము చదువగా ఆమె దానిని రెండుసార్లు పెదవులతో మెల్లగా పలికెడిది. ఒక దినమున ఆటమీద మనస్సుంచి, నూట మూడవ కీర్తన చదువుచు నడుమ నాలుగు వచనములు దాటవేసితిని. ఆమె గద్దించలేదు. "నాయనా, ఆ నడిమి మాటలు ఏమైనాయిరా?" అని అడిగి, నేను విడిచిన నాలుగు వచనములను తానే తప్పులేకుండ చెప్పెను. గ్రంథము నా చేతిలో నుండెను. వాక్యము ఆమె హృదయములో నుండెను. ఆ రాత్రి నేను సిగ్గుపడితిని. ఏది చదువు, ఏది చదువు కాదు అను ప్రశ్న నాకు మొదట కలిగినది ఆనాడే.

2. పిడికెడు గింజల ఆరాధన

మా ప్రాంతపు సంఘముల చరిత్ర కరువుతో ముడిపడి యున్నది. 1876-78 సంవత్సరముల కరువులో మిషనరీయైన జాన్ క్లౌ బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల పనిని గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. కూటికొరకు క్రైస్తవులైరను మాట రాకూడదని, సహాయపు పని ముగియువరకు బాప్తిస్మములు ఇయ్యలేదు. ఆ పిమ్మట 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను మనము పండుగలలో గర్వముగా చెప్పుకొందుము. అయితే ఆ సంఖ్యలోనివారు ఇండ్లకు తిరిగి వెళ్లిన తరువాత, తరతరములుగా ఆ విశ్వాసమును నిలిపినది ఎవరు? పొయ్యి ముందర కూర్చున్న స్త్రీలు.

వంటకు గింజలు కొలుచునప్పుడు మా అవ్వ ముందుగా ఒక పిడికెడు తీసి, మూలనున్న చిన్న కుండలో వేసెడిది. దానిని దేవుని కుండ యందుము. బియ్యమున్న దినమున బియ్యము, లేని దినమున జొన్నలు. ఆదివారమున ఆ కుండ గుడికి వెళ్లెడిది. తెలుగు సంఘములలో అనేకములు ఇట్టి పిడికెడు బియ్యముతో తమ కాపరులను పోషించుకొన్నవి. ఆమె మిగిలినదానిలోనుండి తీయలేదు. ఇంటివారెవరును తినకముందే తీసెను. ప్రథమఫలమను మాటకు అర్థము నేను వేదాంత గ్రంథములలో వెదకనక్కరలేక పోయెను.

3. నివురు క్రింద నిప్పు

లోయిని జ్ఞాపకము చేసిన వెంటనే, ఆ హేతువుచేత, నీలోనున్న దేవుని కృపావరమును మరల రగుల్చుకొనుమని పౌలు తిమోతికి చెప్పుచున్నాడు (1:6). మూలభాషలో ఆ మాట ఆరిపోవుచున్న నిప్పును మరల మండించుటను సూచించును. మన పల్లెల స్త్రీలకు దీనిని వివరింప పనిలేదు. మా ఇంట దాలిగుంటలో పిడకల నిప్పుమీద పాలకుండ దినమంతయు కాగుచుండెడిది. రాత్రి అవ్వ ఆ నిప్పుమీద నివురు కప్పెడిది. వేకువనే లేచి, నివురు తొలగించి, మోకరించినట్లు వంగి ఊదెడిది. మంట లేచిన తరువాత, నిప్పు ఆరిపోయిన ఇరుగుపొరుగు ఇండ్ల స్త్రీలు పిడక ముక్కలు తెచ్చుకొని మా ఇంటి నిప్పు తీసికొనిపోయెడివారు. ఇచ్చినందున మా నిప్పు తగ్గలేదు.

ఇక్కడ ఒక సంగతి గమనింపవలెను. అవ్వ విశ్వాసము తిమోతికి ఆస్తివలె సంక్రమించెనని పౌలు చెప్పలేదు. అది మొదట ఆమెలో వసించెను, తరువాత తల్లిలో వసించెను, నీలోను వసించుచున్నదని రూఢిగా నమ్ముచున్నానని వ్రాసెను. ప్రతి తరములోను అది క్రొత్తగా కాపురముండవలెను. అవ్వ నిప్పును నివురు క్రింద భద్రపరచి ఇయ్యగలదు, ఊదవలసినవాడు మనుమడే. నేను పట్టణమునకు వెళ్లి ఉద్యోగములో చేరిన పిమ్మట కొన్ని యేండ్లు ఊదలేదు. మా అవ్వ భక్తురాలని అందరితో చెప్పుకొనుచు, నేను మాత్రము ప్రార్థన విడిచితిని.

4. తీర్చని ఋణము

ఈ తిమోతికే పౌలు మరియొక పత్రికలో, విధవరాలికి పిల్లలుగాని మనుమలుగాని యున్నయెడల వారు మొదట తమ ఇంటివారియెడల భక్తి కనుపరచి, పెద్దలకు ప్రత్యుపకారము చేయ నేర్చుకొనవలెనని వ్రాసెను (1 తిమోతి 5:4). లోయి మనుమడు ఈ మాటను చదివినప్పుడు ఏమి తలంచెనో! నాకు మాత్రము ఈ వచనము చదువుట కష్టము.

కొన్ని రాత్రులు అవ్వ, "ఈ పూట నాకు ఉపవాసము" అని చెప్పి, మాకు వడ్డించి, మూలకు పోయి మోకరించెడిది. ఆమె ఉపవాస ప్రార్థనలనుగూర్చి మా సంఘములో గొప్పగా చెప్పుకొనిరి. ఆమె పోయిన తరువాత మా అమ్మ ఒకనాడు మెల్లగా చెప్పెను: "ఆ రాత్రులు కుండలో ఏమీ మిగిలేది కాదురా." ఆమె ప్రార్థించుట నిజము, కుండలో కూడు లేకుండుటయు నిజము. కుండలోనికి తొంగిచూచినవాడు మాలో ఒక్కడును లేకపోయెను. ఆమె త్యాగమును పొగడుట మాకు సులభమాయెను, ఏలయనగా ఆ పొగడ్త మాకు ఒక్క ముద్దయైనను ఖర్చు కాలేదు.

కడపటి యేట ఆమె ఎవరిచేతనో ఒక కార్డు వ్రాయించెను. కోతకాలపు పండుగకు వచ్చి తన ప్రక్కను కూర్చుండి కీర్తన చదువుమని కోరెను. సెలవు దొరకలేదని వ్రాసి, పది రూపాయలు మనియార్డరు పంపితిని. నిజమునకు నేను సెలవు అడుగనేలేదు. పండుగ కాకముందే ఆమె ప్రభువునందు నిద్రించెను. నేను ఇల్లు చేరునప్పటికి మూలనున్న చిన్న కుండ సగము నిండి యుండెను. మంచము పట్టిన దినములలోను ఆమె కోడలిచేత పిడికెడు తీయించినదట. నేను పంపిన పది రూపాయలు కానుకల కవరులో ఉండెను.

ఆ రాత్రి నూట మూడవ కీర్తనను ఏ వచనమును విడువక చదివితిని. రెండుసార్లు పలుకుటకు ఆమె లేకపోయెను. నా ప్రార్థనా జీవితము మరల ఆరంభమైనది ఆ దుఃఖములోనే. దేవుడు నన్ను క్షమించెనని నమ్ముచున్నాను. అయినను ఆమెకు చదువవలసిన కీర్తన చదువక పోయితినన్నది అట్లే నిలిచియున్నది. అందుచేతనే దీనిని వ్రాయుచున్నాను. ప్రియ చదువరీ, మీ అవ్వ ఇంకను సజీవురాలై యున్నయెడల మీకు సమయమున్నది. స్మారక కూడికలో ఆమెనుగూర్చి చెప్పదలచిన మంచి మాటలను ఈ వారమే ఆమె చెవిని వేయుడి. ఆమె తినెనా యని అడుగుడి. అడుగుటతో ఆగక కుండలో చూడుడి.

ధ్యానమునకు ప్రశ్నలు

1. మీరు మొదట విన్న లేఖనమును మీకు వినిపించినది ఎవరు? వారికి మీరు ఎప్పుడైనను కృతజ్ఞత తెలిపితిరా?

2. మన ఇండ్లలో ఒకరి ఓర్పును భక్తి యని పొగడి, వారి భారమును వారిమీదనే విడిచిపెట్టుచున్నామా?

3. పెద్దల విశ్వాసమును చెప్పుకొనుచు, మనలోని నిప్పును ఊదకున్నామా?

4. చదువురాని వృద్ధులకు వాక్యము చదివి వినిపించుటకు మీ సంఘ యౌవనస్థులు ఏ ఏర్పాటు చేయగలరు?

ప్రార్థన

ప్రభువా, పేరు వ్రాయబడని తల్లులను, అవ్వలను నీవు పేరుపేరున ఎరుగుదువు. వారు మాకొరకు కాపాడిన నిప్పుకై నీకు స్తోత్రము. వారిని పొగడి, వారి ఆకలిని చూడని మా కన్నులను క్షమించుము. వారు మాతో నుండగానే వారి ఋణము తీర్చుటకు మాకు సమయమును, మనస్సును దయచేయుము. ఆమేన్.