పంట కావలికి దూరము తెలుపు దుర్భిణి: కొనుటకు ముందు గమనింపవలసిన సంగతులు

మంజీర ఒడ్డున గల బోధన్, కోటగిరి, రెంజల్ ప్రాంతముల రైతులకు అడవిపంది బెడద క్రొత్తది కాదు. పగలు సర్కారు తుమ్మ పొదలలోను, ఎత్తుగా పెరిగిన చెరకులోను పండుకొని, ప్రొద్దు గూకిన పిదప మందలుగా వెలువడి చెరకు మొదళ్లను కొరికి పడగొట్టును. పాలు పట్టిన మక్క కంకులను ఒక్క రాత్రిలో నేలపాలు చేయును. 1937లో స్థాపింపబడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడిన తరువాత ఇచ్చట చెరకు సాగు తగ్గినది గాని, పందుల రాక తగ్గలేదు. కావున రైతు మంచె ఎక్కక తప్పుట లేదు.

ఈ కావలికై కొందరు రైతు సోదరులు రేంజ్ ఫైండర్ బైనాక్యులర్ అను పరికరము కొనవచ్చునా యని అడుగుచున్నారు. ఇది దూరపు వస్తువును దగ్గరగా చూపుటయే గాక, అది ఎన్ని మీటర్ల దూరమున నున్నదో అంకెలలో తెలుపు దుర్భిణి. విదేశములలో వేటగాండ్ర కొరకు తయారైనది. 1960లో థియోడర్ మైమన్ తొలి లేజరును వెలిగించెను. 1992లో జర్మనీకి చెందిన లైకా కంపెనీ జియోవిడ్ అను పేరుతో లేజరు గల వేట దుర్భిణిని విడుదల చేసెను. నేడు అనేక కంపెనీల సరుకు మన అంగళ్లలోను దొరకుచున్నది.

వేట మాట వచ్చినది గనుక చట్టము సంగతి ముందుగా చెప్పవలెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 2022లో చేసిన సవరణ ప్రకారము అడవిపంది రెండవ షెడ్యూలులో నున్నది. పంటకు నష్టము చేయుచున్నను రైతు తనంతట తాను దానిని చంపరాదు. చీఫ్ వైల్డ్ లైఫ్ వార్డెన్ గాని, ఆయన అధికారమిచ్చిన అధికారి గాని, కారణములు చూపుచు వ్రాతమూలకముగా అనుమతి ఇచ్చినపుడే, ఆ అనుమతి పొందినవారు కాల్చవచ్చును. కాబట్టి దుర్భిణి కొను రైతు వేటగాడు కాడు, కావలివాడు. ఈ భేదమును మనసున నుంచుకొన్నచో ఏ దుర్భిణి కొనవలెనో సగము తేలిపోవును. తీగలకు కరెంటు పెట్టు పద్ధతిని గూర్చి ఒక్క మాట: అట్టి తీగలకు తగిలి పశువులు, పెట్టినవారు, పొరుగు రైతులు ప్రాణములు కోల్పోవుచున్నారు. దానిని ఏ పరిస్థితిలోను చేయరాదు.

ఇక పరికరము పని చేయు విధము. మీట నొక్కగానే కంటికి కనబడని లేజరు కిరణము వెడలి, వస్తువును తాకి తిరిగి వచ్చును. పోయి వచ్చుటకు పట్టిన కాలమును బట్టి దూరము లెక్కగట్టబడును. 150 మీటర్ల దూరమున నున్న పందిని తాకి వచ్చుటకు కిరణమునకు పట్టు కాలము సెకనులో పది లక్షల వంతు మాత్రమే. ఇంత సూక్ష్మమైన లెక్క గలది గదాయని పెట్టెపై ముద్రించిన అంకెను నమ్మరాదు. 1000 గజములు, 2000 గజములు అని వ్రాయునది సాధారణముగా వెలుతురును బాగుగా త్రిప్పికొట్టు పలకను గురిపెట్టినప్పటి మాట. చెట్టుకైనచో తక్కువ, బురద పూసికొన్న పంది చర్మమునకైనచో మరింత తక్కువ. కొన్ని కంపెనీలు పలకకు, చెట్టుకు, జింకకు వేర్వేరు అంకెలు ఇచ్చును. మీరు జింక అంకెనే చూడవలెను. అది గజములో, మీటర్లో కూడ చూచుకొనవలెను. 100 గజములనగా 91 మీటర్ల పైచిలుకు మాత్రమే. మన చేలకు 300 మీటర్లు చాలును. అంతకు మించిన దూరమునకు డబ్బు పోయుట వ్యర్థమని నా అభిప్రాయము.

చెరకు తోటలలో మరియొక చిక్కు గలదు. ఈ కిరణము సూదివలె సన్నగా ఉండదు. వేయి మీటర్లకు 2 మీటర్లు విచ్చుకొను కిరణము 100 మీటర్ల కడ 20 సెంటీమీటర్లు, 300 మీటర్ల కడ 60 సెంటీమీటర్లు వెడల్పగును. మధ్యలో ఒక చెరకు ఆకు అడ్డు వచ్చిన చాలు, పందికి బదులు ఆకు దూరము పలుకును. ఇందుకై మంచి పరికరములలో దగ్గరి వస్తువును గాని దూరపు వస్తువును గాని ఎంచుకొను ఏర్పాటుండును. ఆకుల సందుల గుండా చూచువారికి దూరపు వస్తువును ఎంచు ఏర్పాటు అవసరము. పది అడుగులు పెరిగిన చెరకు లోపలికి ఏ దుర్భిణియు చూడజాలదు. గెట్టు, కాలువ కట్ట, కోత కోసిన మడి, ఈ బయళ్లపైననే చూపు నిలుపవలెను. వానలోను, దట్టమైన పొగమంచులోను అంకె తప్పుట కద్దు.

అన్నిటికంటె ముఖ్యమైనది అద్దము. దుర్భిణిపై 8x42, 10x42 అని రెండు అంకెలుండును. మొదటిది ఎన్ని రెట్లు పెద్దదిగా చూపునో తెలుపును. రెండవది ముందటి అద్దము వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండవ దానిని మొదటి దానిచే భాగించినచో కంటికి చేరు వెలుతురు వలయపు వెడల్పు వచ్చును. 8x42 కు 5.25 మిల్లీమీటర్లు, 10x42 కు 4.2, జేబులో పట్టు 8x25 కు 3 పైచిలుకు. మసక చీకటిలో పడుచువారి కంటిపాప 7 మిల్లీమీటర్ల వరకు విచ్చుకొనును. వయసు మీరిన కొలది తగ్గును. పంది వచ్చునది మునిమాపున గనుక 8x42 కంటె చిన్న అద్దము కొనరాదు. పది రెట్లు చూపునది మేలని అంగడివాడు చెప్పవచ్చును. కాని బొమ్మతో పాటు చేతి వణుకును పది రెట్లగును. గాలికి ఊగు మంచెపై అది నిలువదు. కండ్లజోడు పెట్టుకొనువారు కంటికి, వెనుక అద్దమునకు మధ్య కనీసము 15 మిల్లీమీటర్లు వదలి చూచినను బొమ్మ నిండుగా కనబడునదే తీసికొనవలెను.

అద్దమునకింత ప్రాధాన్యమిచ్చుటకు కారణము కలదు. చీకటి పడు వేళ నీరు కట్టుచు వంగిన మనిషియు, తప్పిపోయిన దూడయు, పందియు ఉత్త కంటికి ఒక్కటే నల్లని ఆకారము. అనుమతి గల షూటరు వచ్చిన రాత్రి, అక్కడ నున్నది ఏది యని నిశ్చయముగా చెప్పవలసినది మంచెపై నున్న మీరు. అంకె దూరమునే చెప్పును, మనిషియని చెప్పదు. గుండ్ల తూటా వేసిన 12 బోరు తుపాకి సుమారు 40 గజములు దాటినచో నమ్మదగినది కాదు. రైఫిలు తూటా యన్ననో, చిన్న పాయింట్ 22 దైనను, గురి తప్పినచో ఒక కిలోమీటరుకు మించి పోగలదు. పంది ఎంత దూరమున నున్నదో తెలిసిన చాలదు, దాని వెనుక పొరుగువారి మంచె యున్నదో, గుడిసె యున్నదో కూడ తెలియవలెను. అనుమానమున్నచో కాల్చవద్దని చెప్పుటయే మీ పని.

లోపల కనబడు అంకెలు నల్లనివైనచో మునిమాపున కనబడవు. వెలుగు హెచ్చుతగ్గులు చేయదగిన ఎర్రని అంకెలు గలది కొనవలెను. ఇది చీకటిలో చూపు పరికరము కాదని కూడ గుర్తుంచుకొనవలెను. కొండలలో ఉపయోగపడు ఏటవాలు లెక్క మన నిజాంసాగర్ ఆయకట్టు చదును నేలలో అక్కరలేదు.

కొనునపుడు అంగడి లోపల చూచి తృప్తి పడరాదు. వీలైనచో ముందే 150 మీటర్లు టేపుతో కొలిచి, అచ్చట తడిపిన గోనె సంచిని కర్రకు వ్రేలాడదీసి, ప్రొద్దు గూకిన పావుగంటకు గురిపెట్టి పదిమార్లు మీట నొక్కవలెను. ఎనిమిది తొమ్మిది మార్లు సరియైన దూరము రానిచో తిరిగి ఇచ్చివేయుట మేలు. తపాలాలో తెప్పించుకొనువారు వాపసు గడువు లోపలనే ఈ పరీక్ష చేయవలెను.

రెండును కలిసిన దుర్భిణి వెల ఎక్కువ. వేటగాడు అడుగడుగునకు చోటు మార్చును గనుక అతనికి ప్రతిసారి దూరము కావలెను. మంచె కదలదు, మంచె నుండి కాలువ తూము, వేపచెట్టు, కరెంటు స్తంభము ఉన్న దూరములును కదలవు. అందువలన చాలమంది రైతులకు నా సలహా ఇది: మంచి 8x42 మామూలు దుర్భిణి సొంతముగా కొనుడు. చేతిలో పట్టు చిన్న రేంజ్ ఫైండరును పదిమంది కలిసి ఒకటి కొనుడు, లేదా ఒక్కరోజు ఎరువు తెచ్చుకొనుడు. పగటి వేళ మంచెపై కూర్చుండి నాలుగు దిక్కుల గురుతులకు దూరము కొలిచి, గుడిసెలు, బాట, పొరుగు మంచె ఉన్న దిక్కులను ఎర్రగా గుర్తించి, ఒక అట్టపై పటము గీసి మంచెకు కట్టుకొనుడు. షూటరు వచ్చినపుడు ముందుగా ఆ పటము చూపవలెను.

వానకాలమున అద్దముల లోపల బూజు పట్టును. పట్టినచో వదలించుట కష్టము. నైట్రోజను నింపి, నీరు చొరకుండ మూసినది కొనుట, తోలు సంచిలో గాక మూత బిగువైన డబ్బాలో తేమ పీల్చు సిలికా జెల్ పొట్లముతో ఉంచుట మంచిది. ధూళిని ముందు ఊది, పిదపనే మెత్తని గుడ్డతో తుడువవలెను. పంచె కొంగుతో రుద్దినచో అద్దము గీతలు పడును. సూర్యుని వైపు ఎన్నడును చూడరాదు. పని లేని నెలలలో బ్యాటరీ తీసివేయవలెను. ఏటేట మంచె చోటు మార్చువారు ఆ పటమును మరల కొలిచి వ్రాసికొనవలెను.