చేతి ఎముకలలో క్యాన్సరు – ఎక్స్‌రే సాక్ష్యం

1895వ సంవత్సరం డిసెంబరు 22వ తేదీన జర్మనీ దేశపు వూర్ట్స్‌బర్గ్ నగరంలో రాంట్‌జెన్ పండితుడు తాను కనుగొన్న అజ్ఞాత కిరణాలతో తన భార్య చేతిని చిత్రించాడు. వ్రేలి ఉంగరముతో సహా ఆమె ఎముకలు పలకపై ప్రత్యక్షమయ్యాయి. నాడు వింతగా తోచిన ఆ చిత్రమే నేడు వ్యాధినిర్ణయానికి తొలి ఆధారం. నేను వైద్యుడను కాను, భాషాబోధకుడను. అయినను ఎక్స్‌రే ఫిల్మును చదవడం కూడ ఒక విధమైన పఠనమే కనుక ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసించాను.

ఎముకలోని కాల్షియం కిరణాలను అడ్డగిస్తుంది. కనుక ఫిల్ముపై ఎముక తెల్లగాను, మాంసం బూడిదరంగుగాను కనిపిస్తాయి. కణితి ఎముకను తినివేసినచోట నల్లని మచ్చ ఏర్పడుతుంది. కొత్త ఎముకను పేర్చినచోట తెల్లదనం హెచ్చుతుంది.

చేతిలో 27, పాదంలో 26 ఎముకలు ఉన్నాయి. వీటిలో క్యాన్సరు పుట్టడం అరుదు. చేతి ఎముకలలో తరచుగా కనిపించే కణితి ఎన్‌కాండ్రోమా. ఇది క్యాన్సరు కాదు. దీని అంచు గీత గీచినట్లు స్పష్టంగా ఉంటుంది. ఎముక పైపెంకు పలుచబడినా, విరిగితే తప్ప తెగదు. చేతి ఎముకలలో పుట్టే క్యాన్సర్లలో ముఖ్యమైనది కాండ్రోసార్కోమా. ఇందులో అంచు చెదరి, పైపెంకు తెగి, గడ్డ ప్రక్క మాంసంలోనికి చొచ్చుకొనిపోతుంది. సున్నపు చుక్కలు రెండింటిలోను ఉండవచ్చు. కావున పరిశీలింపవలసినది చుక్కలను కాదు, అంచులను.

మరొక సంగతి మరింత గమనింపదగినది. శరీరంలో వేరొకచోట, విశేషించి ఊపిరితిత్తులలో, పుట్టిన క్యాన్సరు అరుదుగా రక్తం ద్వారా వ్రేలి కొనకు చేరుతుంది. వాపు, ఎరుపు, పోటు చూచి దానిని గోరుచుట్టు అని భ్రమపడతారు. ఫిల్ములో మాత్రం వ్రేలి చివరి ఎముక కరిగిపోయి ఉంటుంది. గోరుచుట్టుపై రోకటిపోటు అను సామెత ఇచట ఎంత కఠోరంగా నిజమగుచున్నది!

అయితే ఎక్స్‌రేకు హద్దులున్నాయి. ఎముకలోని ఖనిజం సుమారు 30 నుండి 50 శాతం నశిస్తేగాని నల్లమచ్చ సాధారణంగా తెలియరాదు. చీము పట్టిన ఎముక కూడ క్యాన్సరువలె కనిపించవచ్చు. ఎక్స్‌రే సాక్షి మాత్రమే. తీర్పు చెప్పునది ముక్క తీసి చేయు బయాప్సీ పరీక్ష.

విద్యార్థులారా! మీ ఇంట ఎవరికైనను చేతనో పాదాననో కారణం తెలియని వాపు వారాల తరబడి తగ్గకున్నను, రాత్రివేళ నొప్పి నిద్ర పట్టనీయకున్నను, మర్దనలతోను కట్లతోను కాలహరణం చేయనీయకండి. ముందు ఫిల్ము తీయించండి. చదువుకొన్నవారు ఇంటికి చేయగల మేలు ఇదియే.